సరిహద్దు ఊరికి జ్వరం ఎలా వస్తుంది?



ప్రతిసారి చక్కెర వ్యాధి, రక్తపోటు, గర్భిణుల ఆహారం గురించి రాస్తూ వచ్చాము. ఈసారి కొంచెం దూరపు విషయం తీసుకున్నాము. పొరుగున ఉన్న ప్రాంతంలో ప్రజల మధ్యనే యుద్ధం మొదలైతే, ఆ యుద్ధంతో ఏ సంబంధమూ లేని సరిహద్దు ఊరికి ఏమి జరుగుతుంది? ఆ ఊరి ఆసుపత్రి వరండాలో ఎవరు వచ్చి కూర్చుంటారు? తుపాకి గాయాలవారు వస్తారని మనము అనుకుంటాము. వారూ వస్తారు గాని కొద్దిమందే. ఎక్కువగా వచ్చేది చలిజ్వరాలు, నీళ్ళ విరేచనాలు, తట్టు, ఎముకల గూడులా చిక్కిపోయిన పసిపిల్లలు, మధ్యలో మందులు మానేసిన క్షయ రోగులు.

నంద్యాల, ఆళ్లగడ్డలో ఉండే మనకు ఇదెందుకని కొందరు అడగవచ్చు. మనకు తూర్పున నల్లమల, పడమట ఎర్రమల, మధ్యలో కుందూ నది. ఏ దేశపు సరిహద్దూ దగ్గరలో లేదు. నిజమే. కాని మన లారీలు వెళ్ళని సరిహద్దు లేదు. మన ఇళ్ళలో ప్రతివారూ వాడే ఒక మందు పొట్లం విలువ లోకానికి తెలిసింది కూడా ఒక సరిహద్దు ఊరిలోనే. ఆ సంగతి తరువాత చెబుతాము.

భద్రాచలం అవతలి ఒడ్డు

భద్రాచలం మనకు రాములవారి గుడి ఉన్న ఊరుగా తెలుసు. అది సరిహద్దు ఊరు కూడా. అక్కడి నుండి చింతూరు మీదుగా జగదల్‌పూర్ రోడ్డు పట్టుకుంటే శబరి ఒడ్డున కుంట వస్తుంది. కుంట ఛత్తీస్‌గఢ్‌లో ఉంది, నది అవతల ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లా. భద్రాచలం నుండి చర్ల వైపు వెళితే అడవి దాటగానే బీజాపూర్ జిల్లా. ఆ అడవిలో గీత ఎక్కడ ఉందో పటం చూస్తే తప్ప తెలియదు. గీతకు రెండు వైపులా ఉండేది కోయలు, దొర్లలు, మురియాలు. మాటలు దగ్గర, వియ్యాలు దగ్గర, వారపు సంతలు ఒక్కటే.

2005 జూన్‌లో అప్పటి దంతెవాడ జిల్లాలో సల్వాజుడుం మొదలైంది. మావోయిస్టులకు వ్యతిరేకంగా గ్రామస్థులు తమంతట తాము లేచిన ఉద్యమమని అక్కడి ప్రభుత్వం చెప్పింది. గోండీలో ఆ మాటకు శాంతి యాత్ర అని కొందరు, శుద్ధి వేట అని మరికొందరు అర్థం చెప్పారు. అర్థం ఏదైనా ఊళ్ళు రెండుగా చీలిపోయాయి. శిబిరానికి రానివారు మావోయిస్టుల మనుషులని ఒక పక్షం, శిబిరానికి వెళ్ళినవారు పోలీసుల మనుషులని మరొక పక్షం. ఇళ్ళు తగులబడ్డాయి. 2006 జూలైలో ఎర్రబోరు శిబిరంపై మావోయిస్టులు దాడి చేస్తే 30 మందికి పైగా చనిపోయారు. చదువు సరిగా లేని గిరిజన యువకులకు తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసులుగా పెట్టడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ గార్ల ధర్మాసనమది.

దీనిని అంతర్యుద్ధమని ప్రభుత్వాలు ఎప్పుడూ అనలేదు. పేరు ఏదైనా, ఒకే ఊరివారు, ఒకే ఇంటిపేరువారు ఎదురెదురుగా నిలబడిన పోరు అది. ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల వైపు పెద్దలకు ఇది విడమరచి చెప్పనక్కర లేదు. ఫ్యాక్షన్ రోజులలో ఒక వర్గం కుటుంబాలు రాత్రికి రాత్రి ఊరు విడిచి, నంద్యాలలోనో కర్నూలులోనో అద్దె గదులలో ఏళ్ళ తరబడి తలదాచుకోవడం వారు కళ్ళారా చూసినదే. చేను బీడు పడుతుంది. పిల్లల బడి ఆగిపోతుంది. ముసలాయన వాడే మందు చీటీ పాత ఇంటి గూటిలోనే ఉండిపోతుంది. ఆ అవస్థను వందల ఊళ్ళకు హెచ్చవేసి చూసుకోండి.

అలా ఊరు విడిచినవారిలో కొందరిని అక్కడి శిబిరాలకు చేర్చారు. శిబిరమూ వద్దు, అడవిలో సాయుధుల మధ్యా వద్దు అనుకున్నవారు నడిచి గీత దాటారు. అప్పటి ఉమ్మడి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవులలో చెట్లు కొట్టుకొని గుడిసెలు వేసుకున్నారు. ఇవతలి వారు వారిని గుత్తికోయలని పిలిచారు. అలా వచ్చినవారు 30 వేల నుండి 50 వేల వరకు ఉంటారని 2008 నాటి అంచనా. బంధువుల ఊళ్ళకే వచ్చినా, ఇక్కడి కాగితాలలో వారు లేరు. ఛత్తీస్‌గఢ్‌లో షెడ్యూల్డు తెగగా ఉన్న గుర్తింపు ఇవతల చెల్లలేదు. పోడు కొట్టారని అటవీ శాఖ వారు గుడిసెలు పీకేసిన సందర్భాలు అనేకం. పీకేసిన ప్రతిసారీ ఆ కుటుంబాలు ఇంకా లోపలి అడవికి జరిగాయి. వైద్యుల కంటికి ఇది చాలా ముఖ్యమైన సంగతి. మనిషి ఎంత లోపలికి జరిగితే మంచినీటి బోరు, అంగన్‌వాడీ, నర్సమ్మ అంత దూరమవుతారు. దోమ మాత్రం దగ్గరవుతుంది.

నల్లమల అంచున ఉన్న మనకూ ఈ పోరు పూర్తిగా పరాయిది కాదు. 2004 అక్టోబరులో ప్రభుత్వంతో చర్చలకు మావోయిస్టు నాయకులు బయటికి వచ్చింది నల్లమల నుండే. చర్చలు విఫలమై, ఆ తరువాతి రెండు మూడేళ్ళలో వారి బలం ఇక్కడ సన్నగిల్లింది. పోరు బరువంతా గోదావరి అవతలి అడవుల మీద పడింది.

దోమకు సరిహద్దు తెలియదు, మందుల పట్టీకి తెలుసు

మలేరియా మన దేశంలో ముఖ్యంగా రెండు రకాలు. వైవాక్స్ మనిషిని నీరసపరుస్తుంది, కాలేయంలో దాక్కొని నెలల తరువాత మళ్ళీ తిరగబెడుతుంది. ఫాల్సిపరం అలా దాక్కోదు, కాని చంపుతుంది. ఆ క్రిమి చేరిన ఎర్ర రక్తకణాలు జిగురుగా మారి సన్నని రక్తనాళాల గోడలకు అంటుకుపోతాయి. మెదడులో అలా జరిగితే రోగికి మూర్ఛలు వస్తాయి, స్పృహ తప్పుతుంది. మూత్రపిండాలలో జరిగితే మూత్రం నల్లబడి తగ్గిపోతుంది. ఉదయం నడిచి వచ్చిన మనిషి మరునాటికి కోమాలోకి వెళ్ళవచ్చు. బస్తర్ అడవులలోనూ, గోదావరి ఇవతలి ఏజెన్సీలోనూ ఎక్కువగా ఉండేది ఈ రెండవ రకమే.

పుట్టినప్పటి నుండి మలేరియా మధ్యనే పెరిగినవారికి వయసు వచ్చేసరికి కొంత తట్టుకునే శక్తి వస్తుంది. రక్తంలో క్రిమి ఉన్నా జ్వరం రాదు. పొలం పని చేసుకుంటూనే ఉంటారు. 2020 జనవరిలో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 'మలేరియా ముక్త్ బస్తర్' అనే కార్యక్రమం మొదలుపెట్టి, జ్వరం ఉన్నా లేకపోయినా ఇంటిలో ప్రతి ఒక్కరికీ రక్తపరీక్ష చేయించింది. క్రిమి ఉందని తేలినవారిలో సగానికి మించి ఏ బాధా లేనివారే. అటువంటి వ్యక్తిని కుట్టిన దోమ, పక్క గుడిసెలోని ఏడాది పిల్లను కుడుతుంది. ఆ పిల్లకు ఇంకా తట్టుకునే శక్తి రాలేదు. ఇవతలి ఊరివాడికీ, బయటి నుండి వచ్చిన టీచరుకూ, లారీ డ్రైవరుకూ అంతే.

దీన్నిబట్టి 'వాళ్ళే జబ్బు మోసుకొచ్చారు' అని అనడం తేలిక. భద్రాచలం చుట్టుపక్కల ఆ మాట వినిపించింది కూడా. కాని అది సగం నిజం. మలేరియా గోదావరి ఇవతల ఏనాటి నుండో ఉంది. మార్పు వచ్చింది ఎక్కడంటే, అడ్డుకట్టలలో. ఏటా ఇళ్ళ గోడలకు దోమల మందు కొట్టేవారు ఊళ్ళ పట్టీ చూసి కొడతారు. పట్టీలో లేని గూడేనికి ఆ మందు రాదు. పైగా ఆకులు, వెదురు తడకలతో అల్లిన గుడిసెకు మందు నిలిచే గోడే ఉండదు. దోమతెరలు రేషను కార్డు లెక్కన పంచితే, కార్డు లేనివారికి అందవు. ఆశా కార్యకర్తను జనాభా లెక్కను బట్టి నియమిస్తారు. లెక్కలో లేని జనానికి ఆశా లేదు. ఇలా పోరు మనుషులను నెట్టింది, పట్టీలు వారిని బయట ఉంచాయి, దోమ తన పని తాను చేసింది.

ఇది గుర్తించి గూడేలకు నడిచి వెళ్ళినవారూ ఉన్నారు. 1999లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న 'సరిహద్దులు లేని వైద్యులు' సంస్థవారు ఆ ప్రాంతంలో సంచార వైద్యశాలలు నడిపారు. చెట్టు కింద బల్ల వేసి, వేలి మీద సూది గుచ్చి, పావుగంటలో మలేరియా ఉందో లేదో తేల్చి అక్కడే మందు ఇవ్వడం వారి పద్ధతి. ప్రభుత్వ వైద్య సిబ్బందిలోనూ వాగులు దాటి వెళ్ళిన నర్సమ్మలు ఉన్నారు. వారి పేర్లు ఏ పత్రికలోనూ రాలేదు.

2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు ఇంకొక చిక్కు వచ్చింది. చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి, భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉంది. చింతూరు మనిషికి అలవాటైన పెద్దాసుపత్రి మరొక రాష్ట్రంలో పడింది. కుంట నుండి చింతూరు మీదుగా భద్రాచలం వెళ్ళే రోగి ఒక్క పూటలో మూడు రాష్ట్రాలు తొక్కుతాడు. మూడు రాష్ట్రాలకూ మూడు ఆరోగ్య కార్డులు, మూడు రిజిస్టర్లు. గత కొన్నేళ్ళలో ఆ అడవులలో పోరు బాగా తగ్గింది. కాని నాడు చంకన ఎక్కి వచ్చిన పిల్లలకు ఇప్పుడు పిల్లలున్నారు. వారిలో చాలామందికి తిరిగి వెళ్ళడానికి అక్కడ ఊరు మిగలలేదు.

మన ఇంటికి వచ్చే జ్వరం

ఒక లారీ డ్రైవరు ఉన్నాడనుకుందాము. బేతంచెర్ల నాపరాళ్ళు వేసుకొని జగదల్‌పూర్ వెళ్ళాడు. దారిలో చింతూరు దాటాక లారీ చెడిపోయి ఒక రాత్రి రోడ్డు పక్కనే నిద్రపోయాడు. వారం పది రోజులకు నంద్యాలలో ఇంట్లో ఉండగా చలి, జ్వరం, తలనొప్పి, వాంతులు. దోమ కుట్టిన వారం నుండి రెండు వారాల లోపల ఫాల్సిపరం జ్వరం రావడం మామూలు. అప్పటికి ఆ రాత్రి సంగతి అతనే మరచిపోయి ఉంటాడు. వీధి చివర డాక్టరు దగ్గర ఒక సూది, ఒక గ్లూకోజు బాటిలు పెట్టించుకుంటాడు. రెండు రోజులకు తగ్గకపోతే టైఫాయిడ్ మందు మొదలవుతుంది. నాలుగవ రోజుకు కళ్ళు పచ్చబడితే పసిరికలని ఆకుపసరు పోయిస్తారు. ఆరవ రోజు మాట తడబడినప్పుడు ఆసుపత్రికి తెస్తారు. అది చేయి దాటిపోయే దశ.

దీనిని మొదటి రోజే మార్చగలిగేది ఒక్క మాట: 'ఈ నెల రోజులలో ఎక్కడికైనా వెళ్ళి వచ్చావా?' డాక్టరు అడగకపోతే మీరే చెప్పండి. భద్రాచలం యాత్ర, పాపికొండల విహారం, అరకు, శ్రీశైలం అడవి, ఒడిశాలో విగ్రహం దింపడానికి వెళ్ళిన ఆళ్లగడ్డ శిల్పుల ప్రయాణం, ఏదైనా సరే చెప్పండి. అహోబిలం, రుద్రవరం వైపు చెంచు గూడేల నుండి వచ్చేవారు కూడా తాము ఎక్కడి నుండి వచ్చామో చెప్పాలి. మలేరియా రక్తపరీక్ష ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితం.

ఫాల్సిపరమని తేలితే ఆర్టిమిసినిన్ రకపు మందుతో పాటు మరొక మందు కలిపి మూడు రోజులు ఇస్తారు. ఒకటిన్నర రోజుకే జ్వరం దిగిపోతుంది. అక్కడే చాలామంది మందు మానేస్తారు. మానకూడదు. వైవాక్స్ అయితే క్లోరోక్విన్ మూడు రోజులు, దానితో ప్రైమాక్విన్ 14 రోజులు. ఆ 14 రోజులు పూర్తి చేయకపోతే కాలేయంలో దాగిన క్రిమి చావదు. గర్భిణులకు, పసికందులకు ప్రైమాక్విన్ ఇవ్వరు. జి6పీడీ అనే ఎంజైము తక్కువగా ఉన్నవారిలో ఇది రక్తకణాలను పగలగొట్టగలదు. కనుక మందుల షాపులో అడిగి కొనుక్కొనే మందు కాదిది. వేసుకున్నాక మూత్రం కాఫీ రంగులో వస్తే వెంటనే ఆపి ఆసుపత్రికి రావాలి.

జ్వరంతో పాటు మూర్ఛ, మగత, ఆయాసం, కళ్ళు పచ్చబడడం, ఏదీ తాగలేకపోవడం కనిపిస్తే ఇక పరీక్ష ఎక్కడ చేయించాలని ఆలోచించవద్దు. నేరుగా పెద్దాసుపత్రికి తీసుకురండి.

బొంగావ్‌లో పుట్టిన ధైర్యం

ఇప్పుడు మొదట చెప్పిన పొట్లం సంగతి. 1971లో తూర్పు పాకిస్తాన్‌లో అంతర్యుద్ధం మొదలైంది. సుమారు కోటి మంది సరిహద్దు దాటి మన దేశంలోకి వచ్చారు. పశ్చిమ బెంగాల్‌లో బొంగావ్ అనే చిన్న పట్టణం ఆ దారిలోనే ఉంది. వానాకాలం మొదలు కాగానే శిబిరాలలో కలరా పుట్టింది. కలరా రోగి శరీరం నుండి గంటల వ్యవధిలో లీటర్ల కొద్దీ నీరు పోతుంది. అప్పట్లో డాక్టర్లకు తెలిసిన చికిత్స ఒకటే, నరానికి సూది గుచ్చి సెలైన్ ఎక్కించడం. బొంగావ్ ఆసుపత్రిలో రెండు గదుల నేల మీద రోగులు కిక్కిరిసి పడి ఉండేవారు. వారికి సూది పెట్టాలంటే విరేచనాలు, వాంతుల మధ్య మోకాళ్ళ మీద కూర్చోవాలి. కొద్ది రోజులకే సెలైన్ నిల్వలు అడుగంటాయి.

కలకత్తా నుండి వెళ్ళిన డాక్టర్ దిలీప్ మహలనబిస్ గారు అప్పుడు ఒక నిర్ణయం తీసుకున్నారు. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల సోడా ఉప్పు. కలకత్తాలో ఈ పొట్లాలు కట్టించారు. బొంగావ్‌లో పెద్ద పీపాలలో కలిపి, పీపాకు కుళాయి పెట్టారు. రోగి వెంట వచ్చిన తల్లి, అన్న, పొరుగువాడు ఎవరైనా సరే గిన్నె పట్టుకొని కుళాయి దగ్గరికి వెళ్ళి తెచ్చి తాగించవచ్చు. ఈ ద్రావణం పనిచేస్తుందని ఢాకా, కలకత్తా పరిశోధనశాలలలో అంతకుముందే తేలింది. అయినా నిపుణుల పర్యవేక్షణ లేకుండా చదువురాని జనం చేతికి ఇవ్వవచ్చునా అని వైద్యలోకం సందేహించే రోజులు. ఎనిమిది వారాలలో 3,700 మందికి పైగా రోగులను చూశారు. అంతకు ముందు అక్కడ నూటికి 30 మంది వరకు చనిపోతున్నారు. పీపాలు పెట్టాక అది 3.6కు దిగింది.

1978లో లాన్సెట్ అనే వైద్య పత్రిక, ఈ ద్రావణం ఎలా పనిచేస్తుందో కనుగొనడం ఆ శతాబ్దపు అతి ముఖ్యమైన వైద్య ప్రగతి కావచ్చునని రాసింది. మహలనబిస్ గారు 2022 అక్టోబరులో చనిపోయారు. మరుసటి ఏడాది ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది. బతికుండగా ఇచ్చి ఉంటే బాగుండేదని మాకు అనిపిస్తుంది.

తూర్పు బెంగాల్ నుండి అంతకు ముందూ తరువాతా వచ్చిన శరణార్థులలో కొందరిని దండకారణ్యంలో స్థిరపరిచారు. కుంట పక్కనే ఉన్న మల్కన్‌గిరిలో వారి ఊళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. మన తెలుగునాట కాగజ్‌నగర్ దగ్గరా బెంగాలీ కుటుంబాలున్నాయి. ఒక పోరు నుండి పారిపోయి వచ్చి కుదురుకున్నవారి పొరుగునే మరొక పోరు మొదలైందన్నమాట.

ఇదే చోట మరొక సరిహద్దు ఊరిని కూడా తలచుకోవాలి. 1994 జూలైలో రువాండా నుండి లక్షల మంది కొద్ది రోజులలోనే పక్క దేశంలోని గోమా పట్టణానికి చేరారు. మొదటి నెలలోనే దాదాపు 50 వేల మంది చనిపోయారు, ఎక్కువగా కలరా, రక్త విరేచనాలతోనే. ఓఆర్ఎస్ గురించి అప్పటికి లోకానికంతా తెలుసు. కాని అక్కడి నేల అగ్నిపర్వతపు రాయి. మరుగుదొడ్డి తవ్వడానికి వీలులేదు. మంచినీరు సరిపోలేదు. మొదటి రోజులలో ద్రావణం తాగించే చేతులూ సరిపోలేదు.

బాటిలు మోజు

ఉప్పు నీళ్ళు ఊరికే తాగితే విరేచనాలలో పేగు వాటిని పట్టుకోలేదు. గ్లూకోజు తోడుంటేనే పేగు గోడలోని ద్వారం తెరుచుకుంటుంది. గ్లూకోజు చేయి పట్టుకొని ఉప్పు లోపలికి వెళుతుంది, ఉప్పు వెనుక నీరు వెళుతుంది. కలరాలో కూడా ఈ ద్వారం చెడదు. తీపి ఎక్కువైతే మాత్రం నీరు ఎదురు తిరిగి పేగులోకే వస్తుంది, విరేచనాలు పెరుగుతాయి. అందుకే కొలత ముఖ్యం. 2000 తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పొట్లాన్ని సవరించింది. ఇప్పటి పొట్లంలో మొత్తం 20.5 గ్రాములు, దానిని సరిగ్గా ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలపాలి. సగం పొట్లం గ్లాసులో వేసి తాగించడం తప్పు. కలిపినది 24 గంటల లోపల వాడి, మిగిలితే పారబోయాలి. పొట్లం దొరకనప్పుడు లీటరు నీటికి ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, గుంటలు లేకుండా చదునుగా కొలిచి కలపండి. ఉప్పు వేసిన గంజి, పలుచని మజ్జిగ కూడా మంచివే. పసిబిడ్డకు తల్లిపాలు ఆపకూడదు. ఆరు నెలలు నిండిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాముల జింకు 14 రోజులు ఇవ్వాలి, అంతకు చిన్నవారికి అందులో సగం.

ఇంత చెప్పినా మన ఓపీలో రోజూ వినిపించే మాట, 'ఒక బాటిలు పెట్టండి డాక్టరు గారూ' అని. తాగగలిగిన మనిషికి బాటిలు పెట్టించుకోవడం డబ్బు దండగ. మగతలో ఉన్నవారికి, ఏది తాగినా వాంతి చేసుకునేవారికి, నాడి అందనివారికి సెలైన్ కావాలి. మిగిలినవారికి చెంచా, గిన్నె, ఓపిక ఉన్న ఒక మనిషి చాలు.

ఇంకొక మోసం గురించి కూడా చెప్పాలి. ఓఆర్ఎస్ అనే అక్షరాలు వేసి, చక్కెర దండిగా ఉన్న పండ్ల రసాలను మందుల షాపులలో అమ్ముతూ వచ్చారు. హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ గారు దీనిపై ఎనిమిదేళ్ళు పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ అటువంటి పానీయాలపై ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైనదని ఉందో లేదో చూసి కొనండి.

తట్టు, దండ కొలత

శిబిరాలలో, కొత్త గూడేలలో వైద్యులు మొదట అడిగేది తట్టు టీకా గురించి. తట్టు అంత త్వరగా అంటుకునే జబ్బు మరొకటి లేదు. నూటికి 95 మందికి టీకా పడితే తప్ప అది ఆగదు. అమ్మవారు పోసిందని గదిలో పెట్టి, వేపాకు కట్టి, పథ్యమని తిండి తగ్గిస్తారు. ఆ తిండి తగ్గించడమే ప్రాణం మీదికి తెస్తుంది. తట్టు వచ్చిన బిడ్డకు తిండి పెంచాలి, విటమిన్ ఏ వేయించాలి. 2017 నుండి మన రాష్ట్రంలో తట్టు, రుబెల్లా రెండింటికీ కలిపి ఒకే టీకా ఇస్తున్నారు: 9 నెలలు నిండాక ఒకటి, 16 నుండి 24 నెలల మధ్య రెండవది.

ఊరు విడిచిన కుటుంబంలో బిడ్డ చిక్కిందో లేదో చూడడానికి తూకం మిషను అక్కరలేదు. ఆరు నెలల నుండి ఐదేళ్ళలోపు బిడ్డ ఎడమ చేతి దండ మధ్యలో టేపుతో కొలవండి. 12.5 సెంటీమీటర్లకు తగ్గితే జాగ్రత్త పడాలి. 11.5 కన్నా తగ్గితే అది ప్రాణాపాయం, ఆ బిడ్డను అదే రోజు ఆసుపత్రికి తేవాలి. రెండు పాదాలూ వాచి ఉంటే కొలతతో పని లేకుండానే తేవాలి.

పోరు లేకుండానే ఊరు విడిచేవారు మన దగ్గరా ఉన్నారు. పాత కర్నూలు జిల్లా పడమటి మండలాలు, కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు నుండి ఏటా మిరపకోతకు, పత్తి తీయడానికి గుంటూరు వైపు కుటుంబాలకు కుటుంబాలే వెళతాయి. పొలం గట్టున పట్టా కప్పిన గుడిసె, కాలువ నీరు, తప్పిపోయిన టీకా, ఆగిన అంగన్‌వాడీ గుడ్డు. పంట పనికి మన కుందూ ఒడ్డుకు వచ్చి గుడిసె వేసుకున్నవారి సంగతీ ఇంతే. మీ పొలంలో అటువంటి కుటుంబం దిగితే రెండు పనులు చేయవచ్చు. తాగే నీరు ఎక్కడిదో చూడండి. ఆ పిల్లల సంగతి మీ ఊరి ఆశా కార్యకర్తకు చెప్పండి. టీకాకు ఆధార్ కార్డు ఉండి తీరాలన్న నియమం లేదు, ఏ ఊరి బిడ్డకైనా ఏ ఊరిలోనైనా వేస్తారు.

క్షయకు మందులు వాడుతూ పనికి వెళ్ళేవారు బయలుదేరే ముందు తమ నిక్షయ్ నంబరు అడిగి రాయించుకోవాలి. ఫోనులో ఆ కాగితం ఫొటో ఉన్నా చాలు. ఆ నంబరు చెబితే గుంటూరులోనైనా, భద్రాచలంలోనైనా ప్రభుత్వ ఆసుపత్రిలో మిగిలిన మందులు ఉచితంగా ఇస్తారు. మొదటి రెండు నెలలకే దగ్గు తగ్గి బలం వచ్చినట్లుంటుంది. అయినా మామూలు క్షయకు ఆరు నెలల మందు ఆరు నెలలూ వాడాలి.